నమూనా 14-బిలో ఒక ఎలుక

మన దేశంలో ఏ ప్రాణికైనా పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తోటివాటికంటే వేరుగా పుట్టడానికి మాత్రం మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ సంగతి కొందరికి బళ్ళో ఉండగానే తెలిసిపోతుంది, కొందరికి పెళ్ళయ్యాక తెలుస్తుంది. జూలియాకు నలభై నాలుగో ఏట, ఒక నల్ల చిట్టెలుక మూలంగా తెలిసింది.

జూలియా కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి అమృతరాజు ముప్పై ఏళ్ళు గనిలో దిగినవాడు. గనులు మూతబడ్డాక ఊళ్ళో సగంమంది తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరికి పనికి పోయి పొద్దుగూకాక తిరిగి రావడం మొదలుపెట్టారు. జూలియా అదృష్టం కొద్దీ ఆమెకు ఇంటికి నడిచిపోయేంత దూరంలోనే పని దొరికింది. పాతబడిన ఒక వర్క్‌షాపుకు సున్నం కొట్టి, ఏసీలు బిగించి, 'రోగనిరోధక జన్యు పరిశోధన కేంద్రం' అని బోర్డు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎలుకల ఇల్లు అన్నారు. జూలియా అక్కడ ఎలుకలను చూసుకునే మనిషి. (నియామక పత్రంలో 'జీవ సామగ్రి సహాయకురాలు' అని ఉంది. జీవం ఎలుకలది, సామగ్రి ప్రభుత్వానిది, సహాయం జూలియాది.)

కేంద్రాన్ని నడిపేది డాక్టర్ మునిలక్ష్మి. సుగటూరులో పట్టుపురుగులు పెంచే రైతు ఇంటి పిల్ల. జూలియాకంటే తొమ్మిదేళ్ళు చిన్న కాబట్టి ఆమెను జూలియక్కా అని పిలిచేది. జూలియా మాత్రం జీతం తేడా గుర్తుపెట్టుకుని మేడం అనేది.

చేరిన మొదటి వారం, అసలు ఈ ఎలుకలతో ఏం చేస్తారో చెప్పమని జూలియా అడిగింది. ఒంట్లో జబ్బులతో పోట్లాడే దండు ఒకటి ఉంటుందనీ, దాన్ని నడిపే జన్యువులు వేలల్లో ఉన్నాయనీ, ఏది ఏ పని చేస్తుందో చాలావాటి గురించి ఇంకా తెలియదనీ మునిలక్ష్మి చెప్పింది.

"ఇల్లు కట్టినోడు కరెంటు ప్లాను ఇయ్యకుండా పోయినాడు అనుకో జూలియక్కా. ఏ ఫ్యూజు ఏ దీపానిదో ఎట్ల తెలుస్తుంది? ఒక్కోటి పీకి చూడాల్సిందే. ఏ దీపం ఆరితే దానిది."

ఫ్యూజు పీకేది ఒక లేత పసుపు పొడి. దాన్ని కరిగించి మగ ఎలుకలకు వారానికొకటి చొప్పున మూడు సూదులు వేస్తారు. రెండు మూడు నెలలు వాటికి సంతానం ఉండదు. ఆ తరువాత పుట్టే పిల్లలకు తండ్రి రాసిచ్చిన రాతలో అక్కడొకటి ఇక్కడొకటి అక్షరదోషాలు వస్తాయి. ఒక దోషం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ కూడా చేరిన పిల్ల మూడో తరంలో గానీ పుట్టదు. ఆ మూడో తరానికి ఒక క్రిమిని ఎక్కించి, ఎవరు ఎలా తట్టుకుంటారో చూస్తారు. ఆ క్రిమి క్షయ క్రిమికి దూరపు చుట్టం. గనుల ఊరికి ఆ చుట్టరికం కొత్తది కాదు.

ఇంతవరకూ అంతా శాస్త్రం. ఇక్కడినుంచి పరిపాలన.

ప్రయోగాల్లో వాడే జంతువులన్నీ అచ్చు ఒకేలా ఉండాలని ప్రభుత్వానికి ఒక పట్టుదల. ఒకటి ఒకలా, మరొకటి ఇంకోలా ఉంటే ప్రయోగ ఫలితాలను నమ్మలేం కదా. సూత్రంలో తప్పేమీ లేదు. దాన్ని కాపాడటానికి ప్రయోగ జంతు ఏకరూపతా విభాగం ఏర్పడింది. విభాగం ఏర్పడ్డాక నమూనా 14-బి వచ్చింది. నెలాఖరున ప్రతి కేంద్రమూ ఆ విభాగం యాప్‌లో ఒకే ఒక గడి నింపాలి: 'ప్రామాణికానికి తేడాగా ఉన్న జంతువుల సంఖ్య'.

అంటే ఒకే కప్పు కింద, తేడా కనబడాలని మునిలక్ష్మి రోజూ కోరుకునేది. కనబడకూడదని విభాగం నెలకొకసారి కోరుకునేది. మూడేళ్ళపాటు విభాగం కోరికే నెరవేరింది. గడి నింపే పని జూలియాది. ఏ తేడా కనబడలేదు కాబట్టి ఆమె మనస్ఫూర్తిగా సున్నా వేస్తూ వచ్చింది.

నాలుగో ఏడు, ముప్పై ఒకటో కుటుంబంలో ఒక ఆడ ఎలుక పుట్టింది. దాని నంబరు 3109. అన్నిటితోపాటు దానికీ క్రిమిని ఎక్కించారు. మూడు వారాలకు తోబుట్టువులు బరువు తగ్గి, బొచ్చు రేగిపోయి, మూలల్లో ముడుచుకుని కూర్చున్నాయి. 3109 మాత్రం కాగితాలు చించి గూడు కట్టుకుంది. మూత తీస్తే వెనక కాళ్ళమీద నిలబడి జూలియా చేతిని వాసన చూసింది. తూస్తే రెండు గ్రాములు పెరిగింది.

దీనికి సూది వేయడం మరిచిపోయామేమోనని జూలియాకు అనుమానం వచ్చింది. పుస్తకం తీసి చూస్తే మునిలక్ష్మి సంతకం ఉంది. సూది వేసింది ఆవిడే. రక్తం తీసి పరీక్షిస్తే క్రిమి లోపలికి వెళ్ళిన ఆనవాలు ఉంది, క్రిమి లేదు. మళ్ళీ పరీక్షించారు. లేదు. వారం ఆగి మూడోసారి చూసినా లేదు. మునిలక్ష్మి ఆ పంజరాన్ని తన బల్లమీదికి తెచ్చుకుంది. ఈ ఒక్కటీ బతికి ఉంటే చాలు, నాలుగేళ్ళ పనికి అర్థం దొరుకుతుందని చెప్పింది. ఏ ఫ్యూజు పీకితే ఇలా అయిందో తెలిస్తే, మనుషుల్లో కూడా ఆ ఫ్యూజు ఉందేమో వెతకవచ్చు.

ఆ సాయంత్రం జూలియా ఈ సంగతి తండ్రికి చెప్పింది. అమృతరాజుకు గని దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటాడు.

"మా గ్యాంగులో పద్నాలుగు మందిమి," అన్నాడు అంతా విని. "ఒకే లిఫ్టు పంజరంలో దిగినాము, ఒకే దుమ్ము మింగినాము, ఒకే లోటాలో టీ తాగినాము. పదకొండు మందికి టీబీ వచ్చింది. నాకు రాలే."

"డాక్టర్లు ఏమన్నారప్పా?"

"వాళ్ళ కాగితంలో జబ్బు పేరు రాసే గడి ఒకటి ఉండాది. నాకు జబ్బు లేదు గదా, గడి ఖాళీగా పెట్టి మళ్ళా దిగమన్నారు. ఎందుకు రాలేదని ఎవురూ అడగలే." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ ఎలుకనన్నా అడుగుతా ఉండారు. మంచిదే."

నెలాఖరుకు యాప్ తెరిచినప్పుడు జూలియా వేలు సున్నామీద ఆగింది. వేసేస్తే ఏ గొడవా లేదు. కానీ ఆ ఎలుక తేడాగా ఉంది. ఆ తేడా కోసమే ఈ ఇల్లంతా కట్టారు. తండ్రి కాగితంలో ఖాళీగా మిగిలిపోయిన గడి గుర్తొచ్చి, ఆమె ఒకటి వేసింది. కారణం అన్నచోట 'జబ్బు పడలేదు' అని రాసింది.

నాలుగో రోజు కోలారు నుంచి జీపు వచ్చింది.

జిల్లా ఏకరూపతా అధికారి సుబ్బరాయప్ప నెమ్మదైన మనిషి. పదకొండేళ్ళుగా ఎలుకల ఏకరూపతను కాపాడుతున్నాడు గానీ ఒక్క ఎలుకనూ ముట్టుకోలేదు. (నిబంధనల్లో ముట్టుకోమని లేదు.) తన ఫ్లాస్కులోని వేడినీళ్ళు తాగి, మాస్కు వేసుకుని, పంజరానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఏం తేడా దీనికి?"

"జబ్బు పడలే సార్."

"పడాల్నా?"

"పడాల సార్. మిగతావన్నీ పడినాయి."

"అయితే తప్పు దాందే గదమ్మా," అని సుబ్బరాయప్ప నింపాదిగా నమూనా తీశాడు.

తేడా గల జంతువు విషయంలో ఏడు రోజుల్లో చర్య తీసుకోవాలి. చర్యలు రెండే ఉన్నాయి: 'సరిచేయబడినది', 'తొలగించబడినది'. సరిచేయడమంటే దానికి జబ్బు తెప్పించడం. అది వల్లకాదని రక్తపరీక్షలు మూడుసార్లు చెప్పాయి. కాబట్టి తొలగించడమే మిగిలింది.

మునిలక్ష్మి ఈ కేంద్రం ఉన్నదే తేడాలు వెతకడానికని వివరించింది. సుబ్బరాయప్ప శ్రద్ధగా విన్నాడు.

"వెతకండి మేడం. వెతకొద్దని యాడా రాయలేదు. దొరికితేనే ఈ నమూనా."

పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చని కూడా అతనే చెప్పాడు. అప్పీలు తీర్పుకు నలభై అయిదు రోజులు పడుతుంది. తొలగింపుకు ఏడు రోజులే గడువు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు విభాగంలో ఇంతవరకూ లేరు. మరీ ఇబ్బందిగా ఉంటే, పొరపాటున ఒకటి వేశానని జూలియా రాసిస్తే చాలన్నాడు. అప్పుడు 3109 మామూలు ఎలుక అయిపోతుంది. మామూలు ఎలుకలను ప్రయోగం ముగిశాక ఎలాగూ చంపేస్తారు. జూలియా రాసివ్వనంది.

పోతూ పోతూ సుబ్బరాయప్ప నిబంధనల పుస్తకం ఒక ప్రతి వదిలిపోయాడు. దాన్ని పంపిణీ చేయడం కూడా ఒక నిబంధనే. ఇంతవరకూ ఎవరూ చదవని ఆ పుస్తకాన్ని జూలియా మధ్యాహ్నం అన్నం తింటూ చదివింది. రెండు చోట్ల చెంచా ఆగింది.

ఇరవై రెండో నిబంధన: ఒక జంతువు తేడాగా ఉంటే అది లోపం. ఒకే కుటుంబంలో పది జంతువులు ఒకే రకంగా తేడాగా ఉండి, అవన్నీ ఒకే నివేదికలో నమోదైతే, ఆ తేడాయే కొత్త ప్రామాణికం.

తొమ్మిదో నిబంధన: గర్భిణి అయిన, లేదా గర్భిణి అని అనుమానం ఉన్న జంతువు తొలగింపును ప్రసవమై పిల్లలు పాలు మానేవరకు వాయిదా వేయవలెను.

చూపిస్తే మునిలక్ష్మి రెండుసార్లు చదివి, వెంటనే కాగితంమీద తరాలు గీసింది. ఈ ఎలుకలోని మార్పు పిల్లల్లో సగానికి రావాలంటే దాన్ని జత చేయాల్సింది దాని తండ్రితోనే. మూడో తరం కోసం వేసిన జతల పుణ్యమా అని ఆ తండ్రి దానికి తాత కూడా. జూలియా ఆదివారం బడిలో పాఠాలు చెప్పే మనిషి. ఆమె రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుంది.

"రిజిస్టర్లో సంబంధం అనే కాలమ్ ఉండాది మేడం. ఏమని రాయల్ల?"

"మగ అని రాయి జూలియక్కా."

పంజరం మార్చారు. రోజూ పొద్దున్నే జూలియా జతకట్టిన గుర్తు ఉందేమో చూసేది. మొదటి రోజు లేదు. రెండు, మూడు, నాలుగు రోజులూ లేదు. అనుమానం ఉన్నా చాలని నిబంధన అంటోంది కదా, అనుమానపడిపొమ్మని మునిలక్ష్మి బతిమాలింది. (అనుమానం ఎవరికి ఉండాలో నిబంధన చెప్పలేదు.) లేని అనుమానం తనకు రాదని జూలియా అంది. ఆరో రోజు పొద్దున గుర్తు కనబడింది. ఆమె చేతులు కడుక్కుని, అప్పుడు తీరిగ్గా అనుమానపడి, యాప్‌లో ఎక్కించింది. తొలగింపు వాయిదా పడినట్టు ఒక ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

ఇరవయ్యో రోజుకు ఏడు పిల్లలు పుట్టాయి. ఎలుకల్లో ఒక వింత ఏమిటంటే, ప్రసవించిన రోజే మళ్ళీ చూలు కట్టగలవు. వాయిదా ముగిసేలోపు కొత్త వాయిదా మొదలైంది. రెండో కాన్పుకు ఆరు, మూడో కాన్పుకు ఎనిమిది. సాయంత్రం ఇంటికి పోగానే అమృతరాజు, "మీ ఎలుక ఎట్లుండాది?" అని అడిగేవాడు. జూలియా కాన్పుల లెక్క చెప్పేది. తన గ్యాంగులో మిగిలిన ఇద్దరికీ ఆయన ఆ వార్త ఫోనులో చేరవేసేవాడు.

పిల్లలను మాత్రం వెంటవెంటనే పరీక్షించలేదు. పరీక్షిస్తే తేడా బయటపడుతుంది, బయటపడితే నివేదిక రాయాలి, రాస్తే ఒక్కోదానికి ఏడు రోజులు. పరీక్షించని తేడా తేడా కాదు. మూడు కాన్పుల పిల్లలూ ఎదిగాక ఇరవై ఒక్కదానికీ ఒకే రోజు క్రిమిని ఎక్కించారు. నాలుగో కాన్పు పిల్లలు దక్కలేదు, అప్పటికి తల్లి అయిదో చూలు మోస్తూంది. నడుం వంగి, బొచ్చు పలచబడింది. ఇంకో కాన్పు దానివల్ల కాదని జూలియా తేల్చి చెప్పేసింది. ఇక వాయిదాలు లేవు.

మూడు వారాల తరువాత ఇద్దరూ కలిసి పంజరాలు చూశారు. పన్నెండు ముడుచుకుని కూర్చున్నాయి. తొమ్మిది గూళ్ళు కట్టుకుంటున్నాయి. మునిలక్ష్మి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిదే. కళ్ళద్దాలు తీసి, గోడకేసి తిరిగి నిలబడింది.

"తల్లిని లెక్కేయలే మేడం," అంది జూలియా.

పది అంకె యాప్‌లో ఎక్కిన మూడో రోజు జీపు వచ్చింది. సుబ్బరాయప్ప పుస్తకం తీసి ఇరవై రెండో నిబంధనను వేలుపెట్టి చదివాడు. తల్లి తన పిల్లల కుటుంబంలోకి వస్తుందా అన్నది కాసేపు ఆలోచించి, వస్తుందని ఒప్పుకున్నాడు. ఇది చాలా అరుదైన గౌరవమని, తన సర్వీసులో కొత్త ప్రామాణికం ఇదే మొదటిదని చెప్పాడు. మునిలక్ష్మి అతనికి దండం పెట్టింది. జూలియాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికీ టీ వచ్చింది.

టీ తాగుతూ సుబ్బరాయప్ప పేజీ తిప్పాడు. ఇరవై మూడో నిబంధన రెండు వాక్యాలే. కొత్త ప్రామాణికం అమల్లోకి వచ్చిన రోజున పాత ప్రామాణికం రద్దవుతుంది. కొత్తదానికి సరిపోలని జంతువులన్నీ తేడా గలవిగా పరిగణింపబడును.

"మొత్తం ఎన్ని ఉండాయమ్మా, ఇవి కాకుండా?"

జూలియా రిజిస్టరు తెరిచి లెక్క చూసింది. "ఆరు వందల పన్నెండు సార్."

"జబ్బు పడేవేనా అన్నీ?"

"పడేవే సార్. మామూలు ఎలుకలు."

"ఇంగ మామూలు కాదమ్మా అవి," అన్నాడు సుబ్బరాయప్ప నొచ్చుకుంటూ. "రూలు నేను రాసింది కాదు. రాసినోరు యాడుండారో నాకూ తెల్దు."

ఆడవాటన్నిటినీ జత చేస్తామని మునిలక్ష్మి అంది. తొమ్మిదో నిబంధనను కిందటి నెలే సవరించారట. ఒకానొక కేంద్రంలో ఆ నిబంధన దుర్వినియోగమైనట్టు విభాగం దృష్టికి వచ్చిందట. (కేంద్రం పేరు ఉత్తర్వులో రాయలేదు. అంత మర్యాద ఉంది.) అప్పీలుకు దారి ఎప్పటిలాగే తెరిచే ఉంది, నలభై అయిదు రోజులు.

తొలగింపు రెండు రోజులు పట్టింది. బయటి మనుషులను పంపుతామని విభాగం అంటే జూలియా వద్దంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో అవి బెదిరిపోతాయి. ఒక్కో పంజరాన్నీ తనే మోసుకుపోయి, గ్యాసు పెట్టెలో పెట్టి, కదలిక ఆగేవరకూ పక్కనే నిలబడింది. ఎప్పుడో మూడు సూదులు వేయించుకున్న ముసలి మగ ఎలుకలు అందులో ఉన్నాయి. నాలుగు రోజుల పిల్లలున్నాయి. 3109కి తండ్రీ తాతా అయినది కూడా ఉంది. రెండో రోజు సాయంత్రం అమృతరాజు ఎప్పటిలాగే అడిగాడు. జూలియా కాళ్ళు కడుక్కుని సంగటి గెలకడానికి పోయింది. ఆయన మళ్ళీ అడగలేదు.

మునిలక్ష్మి మాత్రం పని ఆపలేదు. తోకల కొసలనుంచి తీసి దాచిన జన్యు నమూనాలను చదివించి, ఎక్కడ ఏ అక్షరం మారిందో కనిపెట్టింది. ఒకే ఒక్క అక్షరం. వ్యాసం రాసి ఒక పత్రికకు పంపింది. చాలా గొప్ప విషయమని వాళ్ళు జవాబిచ్చారు. అయితే ఈ ఎలుకలను మామూలు ఎలుకల పక్కన పెట్టి ప్రయోగం మరొకసారి చేసి చూపమన్నారు. అడగాల్సిందే అడిగారు. పక్కన జబ్బు పడేది ఒకటి లేకపోతే, జబ్బు పడనిది గొప్పదని ఎలా తెలుస్తుంది?

మామూలు ఎలుకలు నలభై కావాలని ఆమె సరఫరాదారుకు రాసింది. ఈ కేంద్రానికి ప్రామాణిక ఎలుకలను మాత్రమే పంపాలని తమకు విభాగం నుంచి ఉత్తర్వులు అందాయని వాళ్ళు విచారంతో తెలియజేశారు. అలాంటి ఎలుకలు ప్రపంచంలో మీ దగ్గర తప్ప ఎక్కడా లేవు కనుక, దయచేసి ఒక జతను తమకు పంపిస్తే, పెంచి, వాటినే తిరిగి మీకు సరఫరా చేయగలమని రాశారు.

ఏడాది చివర విభాగం తన వార్షిక నివేదిక ప్రకటించింది. అందులో ఈ కేంద్రం గురించి ఒక పేరా ఉంది. కేంద్రంలోని ఎలుకలన్నీ ఒకే రకంగా ఉన్నట్టూ, ఏ ఒక్కదానికీ జబ్బు వచ్చే అవకాశం లేనట్టూ తనిఖీలో తేలింది. అందువల్ల జబ్బుల పరిశోధన అక్కడ ఇక అవసరం లేదని నిర్ణయించి, కేంద్రాన్ని మూసివేశారు.